ఏజినా దీవి చరిత్రని ఒక్క రోజులో కాలినడకన చదవడం ఎలా

గ్రీకు దీవులు అనగానే అందరూ సాంటొరినికో మైకొనోస్‌కో పరిగెడతారు. మీకు ఫొటోల కన్నా చరిత్ర మీద ఆసక్తి ఎక్కువైతే, ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో పొద్దున్నే ఫెర్రీ ఎక్కి ఏజినాలో దిగండి. గంటంబావు ప్రయాణం, అంతే. అక్కడివాళ్ళ నోట్లో దాని పేరు ‘ఎయినా’.

తేదీలు బట్టీ పట్టక్కర్లేదు. వెళ్ళిన ప్రతిచోటా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ కాలంలో ఊరు ఎక్కడుంది, ఒడ్డునా, కొండ మీదా? సముద్రం అన్నం పెట్టినన్నాళ్ళూ జనం ఒడ్డునే ఉన్నారు, అదే సముద్రం మీద దొంగలొచ్చినప్పుడు కొండెక్కారు.

ముందు రేవు నుంచి నడిచి, పాత ఊరి శిథిలాలున్న కొలోనాకి వెళ్ళండి. అపోలో గుడిలో ఒకే ఒక్క స్తంభం మిగిలింది, దాని చుట్టూ కంచుయుగం నాటి ఊళ్ళు పొరలు పొరలుగా బయటపడ్డాయి. మొదట గుడి చూసి తొందరగా వెళ్ళిపోకండి, గోడలు ఒకదాని మీద ఒకటి ఎలా లేచాయో కాసేపు చూడండి. పంటకి పెద్దగా పనికిరాని నేల కాబట్టి వీళ్ళు ఓడల మీదే బతికారు, క్రీ.పూ. 6వ శతాబ్దానికే వెండి నాణేలు కొట్టారు. ఒకవైపు ఉబ్బెత్తుగా సముద్రపు తాబేలు, వీపు మీద వరసగా చుక్కలు, రెండోవైపు బొమ్మే లేదు, సుత్తి దెబ్బకి పడ్డ గుంట మాత్రమే.

ఏథెన్స్‌కి ఇది కడుపుమంట. క్రీ.పూ. 480లో సలామిస్ దీవి దగ్గర పర్షియన్ల మీద కలిసి పోరాడితే అందరికన్నా బాగా పోరాడినవాళ్ళన్న పేరు ఏజినాకే వచ్చింది. తర్వాత ఏథెన్స్ నాయకుడు పెరిక్లీజ్ ఈ దీవిని ‘పిరేయస్ కంటి పుసి’ అన్నాడని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. మనమైతే కంట్లో నలుసు అనేవాళ్ళం గానీ, ఆ గ్రీకు మాటకి అర్థం అచ్చంగా పుసే! క్రీ.పూ. 431లో ఏథెన్స్ వాళ్ళు పిల్లాజెల్లాతో సహా అందర్నీ వెళ్ళగొట్టి, తమవాళ్ళని తెచ్చి పెట్టుకున్నారు.

తర్వాత అఘియా మరీనా బస్సెక్కి అఫాయా దేవత గుడి దగ్గర దిగండి. క్రీ.పూ. 500 ప్రాంతంలో కట్టిన గుడి, ఇప్పటికీ చాలా స్తంభాలు నిలబడే ఉన్నాయి. పైన శిల్పాలు ఏవని వెతక్కండి, 1811లో తవ్వి తీసినవాళ్ళు బవేరియా యువరాజుకి అమ్మేశారు, ఇప్పుడు జర్మనీలోని మ్యూనిక్‌లో ఉన్నాయి.

తిరుగు బస్సులో సెయింట్ నెక్టారియోస్ చర్చి దగ్గర దిగితే ఎదురుగా పాలియోహోరా కొండ. నా లెక్కలో ఈ రోజంతటికీ అసలైన చోటు ఇదే, గంటన్నరైనా ఉంచుకోండి. అరబ్బు ఓడల దాడులకి భయపడి జనం ఒడ్డు వదిలేసి, సముద్రం మీద నుంచి కనపడని ఈ మలుపులో ఊరు కట్టుకున్నారు. అయినా తప్పలేదు, 1537లో ఒట్టోమన్ నౌకాధిపతి బార్బరోసా వచ్చి వేలమందిని బానిసలుగా పట్టుకుపోయాడు. తర్వాత ఊరు మళ్ళీ అక్కడే లేచింది, జనం 19వ శతాబ్దం మొదట్లో గానీ కిందికి దిగలేదు. ఇళ్ళు రాళ్ళగుట్టలయ్యాయి, ముప్పైకి పైగా చిన్న చర్చిలు మాత్రం నిలిచాయి. లోపల గోడల మీద వెలిసిపోయిన బొమ్మలుంటాయి కాబట్టి టార్చి పట్టుకెళ్ళండి, నీళ్ళు మర్చిపోవద్దు.

సాయంత్రానికి రేవు ఊరికి వచ్చేస్తే కొత్త కథ. 1828లో స్వతంత్ర గ్రీసు మొదటి పాలకుడు కపొడిస్ట్రియాస్ ప్రమాణం చేసింది ఇక్కడే, కొన్నాళ్ళు రాజధానీ ఇదే. కొత్త దేశపు మొదటి నాణెం ‘ఫీనిక్స్’ కూడా, తాబేలు నాణేలు కొట్టిన ఈ దీవిలోనే కొట్టారు. స్వాతంత్ర్య యుద్ధంలో తల్లిదండ్రులు పోయిన పిల్లల కోసం ఆయన కట్టించిన అనాథాశ్రమం తర్వాత జైలైంది.

ఇప్పుడు దీవికి పేరు పిస్తా పప్పుతో. రేవు గట్టు మీద కొట్లలో ఒక పొట్లం కొనుక్కోండి, ఆఖరి ఫెర్రీ టైము మాత్రం పొద్దున దిగినప్పుడే కనుక్కుని పెట్టుకోండి.