తేలే కవచ వాహనాన్ని పటంపై పరీక్షించే పద్ధతి

నేలను తాకకుండా గాలి దిండుపై సాగే కవచ వాహనాలు వస్తే భూతల యుద్ధతంత్రం ఎలా మారుతుందో అంచనా వేయదలచినవారు ఎక్కువగా వేగంతో మొదలుపెడతారు. మొదలుపెట్టవలసింది బరువుతో, నేలపై పట్టుతో. ట్యాంకుల కోసం కాంచన్ కవచాన్ని రూపొందించిన రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్, పదాతి పోరాట వాహనాలను తయారుచేసే ఎద్దుమైలారం కర్మాగారం ఉన్న ప్రాంతం మనది కనుక, హైదరాబాదు నేలనే తీసుకుని, పటంపై ఆడే యుద్ధ క్రీడగా అభ్యాసం చేద్దాం.

ముందుగా ఒత్తిడి లెక్క వేయండి. 46 టన్నుల టీ-90 ట్యాంకు బరువు రెండు ట్రాక్‌ల కింద దాదాపు 5 చదరపు మీటర్ల నేలపై పడుతుంది, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.9 కిలోలు. అదే బరువును 10 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల గాలి దిండు మోస్తే ఒత్తిడి 0.12 కిలోల లోపే ఉంటుంది. ట్యాంకు కూరుకుపోయే బురదను ఈ వాహనం దాటగలదు. 30 సెంటీమీటర్ల వ్యాసం గల మందుపాతరపై దాని భారం 80 కిలోల చుట్టూ ఉంటుంది కాబట్టి, నూరు కిలోలకు పైబడితేగాని పేలని సాధారణ ట్యాంకు మందుపాతర దీనికి స్పందించకపోవచ్చు. అయితే లోహాన్ని పసిగట్టి పేలే అయస్కాంత మందుపాతరల నుంచి ఈ తేలిక కాపాడదు.

తర్వాత హిమాయత్ సాగర్ పరిసరాల 1:50,000 టోపోషీటును (నేల ఎత్తుపల్లాలను చూపే పటాన్ని) పరచి, వేసవిలో నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే శిఖం భూమిని ఒక రంగుతో, కట్టలను, ఏటవాళ్లను, రాతి గుండ్లున్న చోట్లను మరో రంగుతో గుర్తించండి. అమెరికా నౌకాదళం వాడే ఎల్‌సీఏసీ అనే హోవర్‌క్రాఫ్ట్ (గాలి దిండుపై సాగే వాహనం) దాటగల అడ్డంకి ఎత్తు సుమారు 1.2 మీటర్లే. ఆ పటంలో ఒక సెంటీమీటరు నేలపై అర కిలోమీటరు కాబట్టి, మనిషెత్తు గుండు అందులో కనబడనే కనబడదు. అందువల్ల గీసిన దారిని స్వయంగా నడిచి చూడక తప్పదు. బురద తెరిచిన దారిని గుండ్లు మూసేయడం అక్కడే తెలిసివస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసింది కాల్పులకు. ట్రాక్‌లు నేలను పట్టుకుని ఉంటాయి కాబట్టి కాల్చినప్పుడు వెనక్కి తోసే ఫిరంగి తన్నును ట్యాంకు తట్టుకుంటుంది. గాలిపై నిలిచిన వాహనానికి ఆ పట్టు లేదు. 7 కిలోల గుండు సెకనుకు 1,700 మీటర్ల వేగంతో వెలువడితే 20 టన్నుల వాహనం సెకనుకు 60 సెంటీమీటర్ల వేగంతో వెనక్కి జారుతుంది, మందు వాయువుల తోపును కలిపితే ఇంకా ఎక్కువ. కాబట్టి పెద్ద ఫిరంగి ఉంటే నేలపైకి దిగి కాల్చాలి, లేదా తన్ను చాలా తక్కువగా ఉండే క్షిపణులపై ఆధారపడాలి. దిగి, కాల్చి, మళ్ళీ లేచే ఆ కొద్ది సేపే శత్రువు ఎదురుచూసే అదను. మీ ఆటలో దీనికి తప్పకుండా ఒక వంతు (టర్న్) కేటాయించండి.

మోత, లేచే దుమ్ము, ఇంధన వ్యయం, తెగిపోయే స్కర్టు (గాలి దిండు చుట్టూ వేలాడే అంచు) వంటివాటిని కూడా నష్టాల ఖాతాలో వేయాలి. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో అమెరికా సైన్యం 3 హోవర్‌క్రాఫ్టులను దింపి, 1970లో వాటిలో రెండింటిని పోగొట్టుకుంది. చిత్తడిలోకి చొచ్చుకుపోగలిగినంత మాత్రాన అక్కడ నిలదొక్కుకోగలమని అనుకోరాదు.

నా దృష్టిలో అసలు మార్పు రక్షించే పక్షానిదే. మన తీర రక్షక దళం గుజరాత్ తీరంలో ఇప్పటికే హోవర్‌క్రాఫ్టులను వాడుతోంది. సర్ క్రీక్, కచ్ రణ్ వంటి ఉప్పు బురద నేలల్లోకి ట్యాంకులు రాలేవన్న నమ్మకంతో పలుచగా ఉంచిన కాపలాను, కవచ వాహనం అటుగా రాగలదని తేలిన రోజు చిక్కబరచవలసివస్తుంది, ఆ బలగం మరో చోటు నుంచే రావాలి.

అందుకే ఒకే పటంపై రెండుసార్లు ఆడండి: మొదట తేలే వాహనాలు లేకుండా, తర్వాత వాటితో. ప్రతిసారీ రక్షకుడు తన దళాలను ఎక్కడి నుంచి ఎక్కడికి కదిల్చాడో పారదర్శక కాగితంపై గీసి, రెండు కాగితాలనూ ఒకదానిపై ఒకటి పెట్టి చూడండి. గీతలు ఎక్కడ వేరుపడతాయో అక్కడే యుద్ధతంత్రం మారినట్టు లెక్క.