ఫారిన్ పొయ్యే ముందు కాయితాలు ఎట్టా సర్దుకోవాలి: ముందు పేర్లు కలుస్తున్నాయో చూడండి

వీసా అప్లికేషన్ తెరవకముందే ఒక పని చెయ్యండి. బీరువాలో, ట్రంకు పెట్టెలో ఉన్న కాయితాలన్నీ తీసి చాప మీద పరిచి ఒక నోట్‌బుక్ తీసుకోండి. ప్రతి కాయితం మీద మీ పేరు ఇంగ్లీషులో ఎట్టా ఉందో అక్షరం అక్షరం చూసి రాయండి, పక్కనే నాయన పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ, ఊరు, జిల్లా. టెన్త్, ఇంటర్, డిగ్రీ, ఆధార్, పాన్, పాస్‌పోర్ట్, పెళ్లి సర్టిఫికెట్, బ్యాంక్ బుక్కు, పట్టాదారు పాస్‌బుక్కు కూడా. ఒక పూట పట్టుద్ది, కానీ తర్వాత వచ్చే ఇబ్బందుల్లో సగం పైన ఆ నోట్‌బుక్కులోనే కనిపిస్తాయి.

మన వైపు పేర్ల సంగతి తెలిసిందే కదా. టెన్త్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటది, పాన్‌లో ఒక్క అక్షరమే ఉంటది, వెంకట సుబ్బయ్య ఒక దాంట్లో రెండు ముక్కలు ఇంకో దాంట్లో ఒకే ముక్క. నెల్లూరులో నా ఫ్రెండుకి టెన్త్‌లో షేక్ అని పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఎస్‌కే అని రెండక్షరాలే ఉన్నాయి, మనకి రెండూ ఒకటేనని పుట్టినప్పటి నుంచి తెలుసు, కానీ బయట దేశం ఆఫీసులో కూర్చున్న మనిషికి అవి ఇద్దరు మనుషులు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. నా భార్యకి టెన్త్, డిగ్రీ అన్నీ పుట్టింటి ఇంటిపేరుతో ఉన్నాయి, పెళ్లయ్యాక రేషన్ కార్డు కోసమని ఆధార్‌లో మా ఇంటిపేరు పెట్టించాం, ఆధార్ చూపించి పాస్‌పోర్ట్ తీసుకున్నాం. తీరా డిపెండెంట్ వీసా ఫైల్ పెట్టేసరికి డిగ్రీ ఉన్న అమ్మాయి, పాస్‌పోర్ట్ ఉన్న అమ్మాయి ఒక్కరే అని రుజువు చూపించండి అన్నారు. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని నోటరీ అఫిడవిట్, రెండు ఇంటిపేర్లూ కనపడే మ్యారేజ్ సర్టిఫికెట్, ఇవన్నీ పోగుచేసి పంపి జవాబు కోసం ఎదురుచూస్తే నాలుగు నెలలు పట్టింది. నేను ఒక దేశంలో, తను ఒక దేశంలో, మధ్యలో చిన్న పిల్ల. అందుకే పెళ్లయిన ఆడపిల్లలకి గట్టిగా చెప్తా, ఇంటిపేరు మార్చుకోవాలని రూల్ ఏం లేదు, చదువు సర్టిఫికెట్లలో ఉన్న పేరే పాస్‌పోర్ట్‌లో ఉంచుకోండి, భర్త పేరుకి పాస్‌పోర్ట్ ఫారంలో వేరే గడి ఉంది.

టెన్త్ సర్టిఫికెట్‌ని తల్లి కాయితం అనుకోండి, మిగతావన్నీ దానికి కలపండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండు సార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే, కాబట్టి తొందరపడి ఏది పడితే అది కొట్టించుకోవద్దు. పాస్‌పోర్ట్ ఫారంలో ఇంటిపేరు గడి ఖాళీ వదలొద్దు, ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మీ పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (పేరు తెలియదు అని అర్థం) అని మూడక్షరాలు పడతాయి, తర్వాత అక్కడ లైసెన్స్ కాడ, బ్యాంక్ కాడ అన్నిచోట్లా అదే తలనొప్పి.

ఇంక జిల్లా సంగతి. మాది కందుకూరు. మా నాయన పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది, 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు, నేను పుట్టింది అందులో. 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరులో కలిపారు, 2025 ఆఖర్లో తిరిగి ప్రకాశంలోకి మార్చారు. ఇల్లు అదే, వీధి అదే, కాయితాల్లో మాత్రం మూడు తీర్లుగా ఉంది. 2022లోనే గూడూరు, సూళ్లూరుపేట వాళ్లు తిరుపతి జిల్లాకి, చీరాల, అద్దంకి వాళ్లు బాపట్ల జిల్లాకి పోయారు, వాటిల్లో కొన్ని ఆ తర్వాత మళ్లీ మారాయి కాబట్టి వాళ్లకీ ఇదే కథ. పాత సర్టిఫికెట్లలో జిల్లా మార్పించే పని పెట్టుకోవద్దు. పుట్టిన చోటు బర్త్ సర్టిఫికెట్‌లో ఎట్టా ఉంటే అట్టానే రాయండి, ఇప్పటి అడ్రస్ కాడ ఇప్పటి జిల్లా రాయండి, జిల్లాలు మార్చిన జీవో కాపీ ఒకటి ఫైల్లో పెట్టుకోండి.

బర్త్ సర్టిఫికెట్ లేనివాళ్లు పల్లెల్లో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి, ఏడాది దాటిపోతే మేజిస్ట్రేట్ ఆర్డర్ కావాలి, 2023లో చట్టం సవరించాక అది కలెక్టర్, ఆర్డీవో స్థాయిలోనే ఇవ్వొచ్చు. ముందు పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో రికార్డు లేదని కాయితం తీసుకుని, దాంతో లేట్ రిజిస్ట్రేషన్‌కి పెట్టుకోవాలి. పిలకాయల విషయంలో ఇంకా జాగ్రత్త, 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ల పాస్‌పోర్ట్‌కి పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. వాళ్ల టీకాల కార్డు కూడా పెట్టుకోండి, అక్కడ స్కూల్లో చేర్చుకునేటప్పుడు అడుగుతారు.

సర్టిఫికెట్లకి లామినేషన్ చేయించొద్దు. మా అమ్మ నా టెన్త్ మెమోని పదిలంగా ఉండాలని బజార్లో లామినేషన్ చేయించి పెట్టింది, ఎంత ప్రేమగా చేసిందో నాకు తెలుసు, కానీ బయట దేశంలో చెల్లడానికి వేసే అపోస్టిల్ స్టిక్కర్ కాయితం వెనకాల అంటించి ముద్ర వేస్తారు, ప్లాస్టిక్ మీద వెయ్యరు. చివరికి బోర్డుకి పెట్టుకుని డూప్లికేట్ తెప్పించుకున్నా.

అపోస్టిల్ అంటే మన విదేశాంగ శాఖ ఈ కాయితం నిజమైందే అని వేసే ముద్ర, ఆ ముద్రని ఒప్పుకునే దేశాల ఒప్పందంలో మన దేశం 2005లో చేరింది. ముందు రాష్ట్ర ప్రభుత్వం అటెస్ట్ చెయ్యాలి, ఆ తర్వాతే విదేశాంగ శాఖ. కాయితాలు వాళ్లు నేరుగా మన చేతి నుంచి తీసుకోరు, వాళ్లు పెట్టిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాకి అపోస్టిల్ చాలు, సౌదీ 2022లో, కెనడా 2024లో చేరాయి. కువైట్, యూఏఈ, ఖతార్ అందులో లేవు, వాటికి ఆ దేశం ఎంబసీ ముద్ర కూడా పడాలి, దానికి టైమూ డబ్బూ ఎక్కువే.

డిగ్రీ ట్రాన్స్‌క్రిప్ట్‌ల (యూనివర్సిటీ ఇచ్చే మొత్తం మార్కుల పట్టిక) పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి. విక్రమ సింహపురి యూనివర్సిటీ వచ్చింది 2008లో, అంతకుముందు నెల్లూరులో డిగ్రీ చదివినవాళ్లు తిరుపతి ఎస్వీ యూనివర్సిటీకి పోవాలి. ఇంజనీరింగ్ వాళ్లకి నెల్లూరు కాలేజీలైతే అనంతపురం జేఎన్‌టీయూ, ప్రకాశం కాలేజీలైతే కాకినాడ. 2008కి ముందు పాసైనవాళ్లు హైదరాబాద్ జేఎన్‌టీయూ పేరుతో ఉందేమో చూసుకోండి. సీల్డ్ కవర్ అడిగితే కవర్ మీరు చింపొద్దు, చింపితే చెల్లదు. పోలీస్ క్లియరెన్స్ (మన మీద కేసులు లేవని ఇచ్చే కాయితం) మాత్రం ముందే తీసుకోవద్దు, దాని గడువు తక్కువ, పాస్‌పోర్ట్ సైట్‌లోనే 500 కట్టి అప్లై చెయ్యొచ్చు.

పని మీద గల్ఫ్ పొయ్యేవాళ్లు టెన్త్ పాస్ కాకపోతే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ కావాలి) అని ఉంటది. కువైట్, సౌదీ లాంటి 18 దేశాలకి ఉద్యోగానికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. ఏజెంట్ లైసెన్స్ నంబర్ ప్రభుత్వం ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకున్నాకే డబ్బు చేతిలో పెట్టండి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకి 275, మూడేళ్లకి 375 రూపాయలు, ప్రమాదంలో పోతే ఇంటికి 10 లక్షలు వస్తాయి, దయచేసి అది వదిలిపెట్టొద్దు. విజిట్ వీసా మీద పోయి పని చూసుకుందాం అనే మాట అసలు వినొద్దు.

పొలం, ఇల్లు ఉన్నవాళ్లు పవర్ ఆఫ్ అటార్నీ (మన బదులు ఇంకొకరు పని చూసే హక్కు కాయితం) ఇక్కడ ఉండగానే రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించుకోండి. అన్నిటికీ కలిపి జనరల్ పవర్ ఇచ్చేదానికంటే ఏ పనికి ఇస్తున్నారో సర్వే నంబర్‌తో సహా రాసి దానికి మాత్రమే ఇవ్వండి, అన్నదమ్ములైనా సరే. అక్కడికి పొయ్యాక పంపితే ఎంబసీలో అటెస్ట్ చేయించాలి, కాయితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు కట్టాలి. బ్యాంకులో కూడా చెప్పి సేవింగ్స్ అకౌంట్‌ని ఎన్ఆర్ఓగా (బయట దేశంలో ఉండేవాళ్ల అకౌంట్) మార్పించుకోండి.

ఆఖరికి అన్నీ స్కాన్ చేసి మెయిల్‌లో ఒక సెట్ ఉంచండి, జిరాక్స్ సెట్ ఒకటి కవర్లో పెట్టి ఇంట్లో అమ్మకి ఇచ్చి ఏ బీరువాలో పెట్టిందో కళ్లారా చూసుకోండి. గల్ఫ్ వాళ్లయితే జాబ్ కాంట్రాక్ట్ కాపీ కూడా ఆ కవర్లోనే. ఒరిజినల్స్ చేతి బ్యాగులో మీతోనే ఉండాలి, చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో సూట్‌కేసు బరువెక్కువైందని సామాన్లు అటూ ఇటూ మార్చేటప్పుడు ఆ ఫైల్ మాత్రం ఎవరికీ పట్టుకోమని ఇవ్వొద్దు.