బీటెక్ ఫస్టియర్‌లో సి ప్రోగ్రామింగ్ ఎలా నేర్చుకోవాలి?

ఫస్టియర్ సి ల్యాబ్‌లో ఏటా ఇదే చూస్తున్నాను. పరీక్ష రోజు స్లిప్పులో పాలిండ్రోమ్ వస్తుంది, అంటే ఇచ్చిన సంఖ్య ఎటునుంచి చదివినా ఒకేలా ఉందో లేదో చెప్పే ప్రోగ్రామ్. రికార్డులో ఉన్నది ఉన్నట్టు బట్టీ పట్టి వచ్చిన కుర్రాడు గడగడా టైపు చేసేస్తాడు. మధ్యలో ఒక్క లైను జారిపోతుంది. ఇక గంట కొట్టేదాకా స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంటాడు. తెలివి లేక కాదు, ఇంటర్ రెండేళ్లూ పనిచేసిన బట్టీ ఇక్కడ పనిచేయదని ఎవరూ ముందే చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఏం కావాలి

పాత కంప్యూటరైనా చాలు. ప్రోగ్రామ్ టైపు చేసి నడిపే కోడ్‌బ్లాక్స్ దించుకోండి, జీసీసీ కంపైలర్ (మీ కోడ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చేది) కలిపి ఉన్నదే ఎంచుకోండి. ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్సిల్. పెన్ను వద్దు.

టర్బో సి మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. అది 1980ల నాటి డాస్ సాఫ్ట్‌వేర్. అందులో ఇంట్ (పూర్ణ సంఖ్య దాచుకునే చోటు) అంటే రెండు బైట్లే, 32767 దాటితే పట్టదు. 7 ఫ్యాక్టోరియల్ 5040 సరిగ్గానే వస్తుంది. 8కి 40320 రావాల్సింది మైనస్ 25216 వస్తుంది. లాజిక్ సరిగ్గా రాసిన విద్యార్థి తన తప్పేమిటా అని రాత్రంతా వెతుక్కుంటాడు. జీసీసీలో 12 ఫ్యాక్టోరియల్ దాకా ఈ బాధ ఉండదు.

ముందు పైథాన్ నేర్చుకుని తర్వాత సికి రావచ్చు కదా అని అడుగుతారు. మీ సిలబస్‌లో సి ఉంటే సి ఒక్కటే చదవండి. మొదటి సెమిస్టర్‌లో రెండు పడవల మీద కాళ్లు పెట్టిన వాళ్లెవరూ ఒడ్డుకు చేరడం నేను చూడలేదు.

టైపు చేయడం, ఎర్రర్లు

రోజుకు ఒక్క ప్రోగ్రామ్. కాపీ పేస్ట్ లేదు, ప్రతి అక్షరం మీరే కొట్టాలి. ఇరవై ఎర్రర్లు వస్తే కంగారు పడకండి, అన్నిటికన్నా పైనున్నది ఒక్కటే సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. ఒక్క సెమికోలన్ పెడితే మిగతావి చాలావరకు వాటంతటవే పోతాయి.

అసలు పని: కాగితం మీద నడపడం

దీన్ని డ్రై రన్ అంటారు. అందరూ వదిలేసేది ఇదే. చేసేవాళ్లలో కూడా ఎక్కువమంది తప్పుగా చేస్తారు. కాబట్టి నిదానంగా చదవండి.

పాలిండ్రోమ్‌నే తీసుకుందాం. ఎన్ అనే సంఖ్యలోంచి చివరి అంకె తీసి డిలో పెడతాం. తిరగేసిన సంఖ్య కోసం సున్నాతో మొదలుపెట్టిన రెవ్‌ను పదితో గుణించి డిని కలుపుతాం. ఎన్‌ను పదితో భాగిస్తాం. ఎన్ సున్నా అయ్యేదాకా ఇదే, ఈ తిరుగుడునే లూప్ అంటారు. నోట్‌బుక్ అడ్డంగా తిప్పి ఎన్, డి, రెవ్ అని మూడు గడులు గీయండి. 121తో మొదలుపెట్టి లూప్ ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒక వరుస రాయండి.

మొదటి చుట్టు అయ్యేసరికి డి 1, రెవ్ 1, ఎన్ 12. రెండో చుట్టులో డి 2, రెవ్ 12, ఎన్ 1. ఇక్కడే సగం మంది ఎన్ గడిలో 1.2 అని రాస్తారు. ఇంట్‌ను ఇంట్‌తో భాగిస్తే పాయింటు తర్వాతది పోతుంది, 1 మాత్రమే మిగులుతుంది. మూడో చుట్టులో డి 1, రెవ్ 121, ఎన్ 0. లూప్ ఆగింది.

ఇప్పుడు చివరి లైను. ఎన్, రెవ్ సమానమా అని అడిగారు. మీ పట్టికలో ఆఖరి వరుస చూడండి. ఎన్ సున్నా, రెవ్ 121. అందుకే 121 కూడా పాలిండ్రోమ్ కాదని వస్తుంది. లూప్‌కు ముందు అసలు సంఖ్యను టెంప్ అనే మరో పేరుతో దాచుకుని, చివర రెవ్‌ను దానితో పోల్చాలి. దాచుకునే ఆ లైనే బట్టీ పట్టినవాళ్లు మరిచిపోయేది. అదెందుకుందో పట్టిక గీసినవాళ్లకు కళ్ల ముందే కనిపిస్తుంది, ఇక మరిచిపోరు.

పట్టిక నింపేటప్పుడు మీ మనసులో ఉన్నది చేయకండి, రాసిన లైను ఏం చెబుతోందో అదే చేయండి. మీరు రాసినది మీకు ముందే తెలుసు కాబట్టి చెయ్యి దానంతటదే సరైన జవాబు వైపు పోతుంది, తప్పు అక్కడే దాక్కుంటుంది. దీనికో ఉపాయం ఉంది. స్కేలు పెట్టి కింది లైన్లు మూసేయండి. ఒక్కో లైను కిందకి జరుపుతూ గడి నింపండి. పాత విలువను చెరపకండి, కొట్టేసి పక్కన కొత్తది రాయండి.

నమ్మకం కుదరకపోతే భాగించే లైనును లూప్‌లో మొదటికి జరిపి 123తో నడిపి చూడండి. 321 బదులు 210 వస్తుంది. ఎందుకొచ్చిందో మూడు వరుసల్లో తేలిపోతుంది. యూట్యూబ్‌లో అరగంట వీడియో చూసినా ఇంత తేటగా అర్థం కాదు, ఎందుకంటే అక్కడ పట్టిక నింపేది మీరు కాదు.

తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒకమ్మాయి డి బదులు మిగులు, రెవ్ బదులు తిరగ అని ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టుకుంది. ఆ రోజు ఆ బ్యాచ్‌లో వైవాలో తడబడకుండా లైను లైనూ వివరించింది ఆమె ఒక్కతే. మీరూ అలాగే పెట్టుకోండి.

ల్యాబ్ ఎగ్జామ్‌కు వారం ముందు

రికార్డు మూసేయండి. తెల్ల కాగితం మీద ప్రోగ్రామ్ రాసి, మీ హాల్‌టికెట్ నంబరులో చివరి మూడంకెలు ఇన్‌పుట్‌గా తీసుకుని పట్టిక వేయండి. అప్పుడు పక్కవాడి పట్టిక మీకు పనికిరాదు. తర్వాత 0తో, 7తో, 120తో కూడా వేయండి. 120కి 21 వచ్చిందంటే కంగారు పడకండి, ముందున్న సున్నాకు ఇంట్‌లో చోటు లేదు. నాలుగు పట్టికలూ సరిపోయాకే సిస్టమ్ ఆన్ చేయండి.