లెక్క గాలి, కొలత గాలి కలవట్లేదా? వీఈ టేబుల్ ముట్టుకునే ముందు ఇవి చూడండి

ఇంజిన్‌లోకి పోయే గాలిని తూచే మాఫ్ సెన్సార్ కొలిచిన గాలి ఒకటి. మ్యాప్ ప్రెషర్ (సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌లోని ఒత్తిడి), ఆర్పీఎం, గాలి వేడి చూసి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, కట్టే లెక్క ఇంకొకటి. రెండింటికీ తేడా కనపడగానే మనవాళ్లు లాప్‌టాప్ తెరిచి వీఈ టేబుల్ (సిలిండర్ గాలితో ఎంతవరకు నిండుతుందో ఈసీయూకి చెప్పే పట్టిక) మార్చేస్తారు. ఆగండి. తేడా ఎటువైపు ఉందో ముందు చూడండి.

కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మ్యాప్ ఎంతుందో చూడండి. ఒంగోలైనా నెల్లూరైనా సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి 100 కిలోపాస్కల్స్ అటూఇటూ ఉండాలి. 94 చూపిస్తే ఆ సెన్సార్‌ని నమ్మి ట్యూనింగ్ చేయొద్దు. అర నిమిషం పని, అయినా ఎవరూ చేయరు!

కొలత తక్కువ, ఐడిలింగ్‌లో మరీ తక్కువ
మాఫ్ దాటాక గాలి లీక్. ఫిల్టర్ మార్చి క్లిప్ సరిగా బిగించలేదేమో చూడండి. రబ్బరు పైపుని వంచి చూడండి, పగులు మడతలో దాక్కుంటుంది.

ఐడిలింగ్‌లో సరే, తొక్కేకొద్దీ కొలత వెనకబడుతోంది
మాఫ్ తీగకి మురికి పట్టింది. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లకి మామూలే. మాఫ్ క్లీనర్ కొట్టి, ఆరాక బిగించండి. గుడ్డతో తుడిచారో, కొత్తది కొనాలి.

లెక్క తక్కువ, కొలత ఎక్కువ
నాకు చెయ్యి కాలింది ఇక్కడే. మే నెల మధ్యాహ్నం, షెడ్డులో 1.2 లీటర్ల పెట్రోలు బండి. ఐడిలింగ్‌లో మాఫ్ సెకనుకి 2.2 గ్రాములు అంటోంది, లెక్క 2.0 అంటోంది. వీఈ పది శాతం దాకా పెంచాను, రెండూ చక్కగా కలిశాయి. బండాయన మర్నాడు తెల్లారుజామున హైవే ఎక్కాడు. కావలి దాటకముందే ఫోన్: "అన్నా, తొక్కితే నల్లపొగ వస్తంది."

తప్పు గాలి వేడి చెప్పే సెన్సార్‌ది. దాన్ని మానిఫోల్డ్ లోహానికి బిగించారు. బండి కదలకుండా ఉడికేసరికి అది గాలిని కాదు, లోహాన్ని కొలుస్తోంది. ఫిల్టర్ డబ్బాలో 40 డిగ్రీలు, స్కానర్‌లో 70. మానిఫోల్డ్‌లో గాలి కాస్త వేడెక్కుతుంది, నిజమే, కానీ అంత కాదు. లెక్కలో వేడి కెల్విన్‌లో, హారంలో ఉంటుంది. 313 బదులు 343తో భాగిస్తే దాదాపు 9 శాతం గాలి కాగితం మీద మాయం. నేను టేబుల్లో కలిపింది ఆ మాయమైన గాలినే. తెల్లారి చల్లగాలికి సెన్సార్ నిజం చెప్పింది, నేను కలిపింది మాత్రం అలాగే ఉండి, లేని గాలికి పెట్రోలు ఎక్కువ పోసింది.

కనిపెట్టడం తేలికే. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే గాలి వేడి, కూలెంట్ వేడి, బయట వేడి మూడూ దాదాపు ఒకటే చూపాలి. అలా చూపితే సెన్సార్ మంచిదే, కూర్చున్న చోటు మంచిది కాదు. తర్వాత పది నిమిషాలు రోడ్డు మీద తోలి లాగ్ (సెన్సార్ రీడింగుల రికార్డు) తీయండి. వేగం అందుకునేకొద్దీ ఆ సెన్సార్ రీడింగ్ దిగి, తేడా కూడా తగ్గితే ఇదే జబ్బు.

సెన్సార్‌ని ఫిల్టర్ దగ్గర ప్లాస్టిక్ పైపులోకి మార్చండి. కుదరకపోతే బండి కదులుతున్నప్పటి లాగ్ మాత్రమే వాడండి. షెడ్డులో నిలబెట్టి తీసిన ఐడిలింగ్ లాగ్‌తో వీఈ ముట్టుకోవద్దు, ముందు ఫ్యాన్ పెట్టినా సరే.

కామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే వేళ) పన్ను జారడం, సైలెన్సర్ మూసుకుపోవడం లాంటివి అరుదు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి. డీజిల్ బండైతే మాత్రం ఈజీఆర్ (పొగని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) మూసి కొలవండి. అది తెరుచుకుంటే మాఫ్ చూడని పొగ కూడా మ్యాప్ లెక్కలోకి వచ్చేస్తుంది, తేడా ఉండి తీరుతుంది.