బరంపురంలో వంట క్లాసు వెతుక్కునేవారికి: ముందు సింకు చూడండి

ఒడిశాలోని ఈ బరంపురంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. బ్యూరెట్లు కడిగించడం, యాసిడ్ సీసాలకు చీటీలు అంటించడం, పిల్లలు పగలగొట్టిన గాజు సామాను లెక్క రాయడం నా ఉద్యోగం. వంట నా సరదా. రోజూ వండే పప్పూ చారూ సరదా కిందికి రావు, అవి ఇంకో డ్యూటీ. సరదా అంటే, ఆదివారం ఎవరూ అడగకపోయినా మూడు గంటలు పొయ్యి దగ్గర నిలబడి, చివరికి అది తినడానికి పనికిరాకపోయినా మళ్ళీ వారం ఎదురుచూడటం.

రెండేళ్ళ క్రితం ఆరు వేలు కట్టి ఒక కేకుల క్లాసులో చేరాను. ఎనిమిది క్లాసులు, పధ్నాలుగు మంది, ఒకటే ఓవెన్. మొత్తం మీద బీటరు నా చేతికి ఒక్కసారి వచ్చింది, అదీ ఫోటో కోసం. ఆఖరి రోజు బంగారు అంచు సర్టిఫికెట్ ఇచ్చారు. మావారు దాన్ని ఫ్రేము కట్టించి మరీ ఫ్రిజ్ మీద పెట్టారు. ఆ వారమే ఇంట్లో నేను చేసిన కేకు నట్టనడుమ గుంటపడింది. ఎందుకు పడిందో ఆ ఎనిమిది క్లాసుల్లో ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత తొందరపడలేదు. మూడు నెలలు తిరిగి, నాలుగు చోట్ల చూసి, ఒక చోట చేరాను. ఉద్యోగం చేసుకుంటూ సరదాకి వంట నేర్చుకోవాలనుకునేవారికి నా తిరుగుడు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదట పెద్ద సంస్థల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ మొదట వాటి పేర్లే చెబుతారు. భువనేశ్వర్‌లో కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉంది. అక్కడి ప్రధాన కోర్సు మూడేళ్ళ డిగ్రీ, ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఐటీఐల్లో ఫుడ్ ప్రొడక్షన్ ట్రేడు ఏడాది పాటు పగటిపూట చదువు. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉచితమే, కానీ అవి బతుకుతెరువు వెతుక్కునే పల్లె యువత కోసం పెట్టినవి. నెల జీతం తీసుకునే నేను వెళ్ళి అక్కడ ఒక సీటు ఆక్రమించడం న్యాయం కాదు. మిగిలేవి ఊళ్ళోని ప్రైవేటు క్లాసులు, ఇళ్ళలో నేర్పే ఆడవాళ్ళు, పెళ్ళిళ్ళకు వండి వండి చేయి తిరిగి ఇప్పుడు ఆదివారాలు నేర్పుతున్న వంటవాళ్ళు. మనలాంటివాళ్ళకు సరిపోయేవి ఈ మూడే.

వాళ్ళ దగ్గరికి వెళ్ళే ముందు ఒక కాగితం మీద, మీ చేతిలో చెడిపోయిన మూడు వంటల పేర్లు రాసుకోండి. వాళ్ళ జాబితా చూసి ఎంచుకుంటే ‘ముప్పై రకాల కేకులు, ఇరవై రకాల స్టార్టర్లు’ అన్నదానికి పడిపోతాం, నేను పడ్డట్టు. నా కాగితం మీద బ్రెడ్, ఛెనా పోడ (విరిగిన పాల ముద్ద, అంటే ఛెనాను కాల్చి చేసే తీపి), బేసర (ఆవముద్ద కూర) ఉన్నాయి. తెలుగువాళ్ళం కదా, ఒడియా వంట ఎందుకని మా అక్క అడిగింది. 1936 వరకు ఈ గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది; మా తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్నాం. పొద్దున ఇడ్లీ, ఉప్మా తినని ఒడియా ఇల్లు బరంపురంలో అరుదు, మన అప్పడాలూ పచ్చళ్ళూ ఈ ఊరి పేరుతోనే అమ్ముడుపోతాయి. వాళ్ళు మన వంట ఎప్పుడో నేర్చేసుకున్నారు. నేనే ఇంకా పంచఫుటణలో, అంటే వాళ్ళ అయిదు దినుసుల పోపులో, ఏమేమి పడతాయో వేళ్ళమీద లెక్కపెట్టుకుంటున్నాను: జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, కలోంజి.

తరువాత గంటలు లెక్కపెట్టుకోండి. క్లాసు రెండు గంటలంటే రెండు గంటలు కాదు. సాయంత్రం ఐదున్నరకు కాలేజీ గేటు దాటి, ఆటో పట్టుకుని, ఆస్కా రోడ్డు రద్దీలో పడి చేరేసరికి ఆరున్నర. తిరిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆ రాత్రి ఇంట్లో వంట ఎవరు చేస్తారన్నది ఫీజు కన్నా పెద్ద ప్రశ్న. ఇచ్ఛాపురం నుంచీ ఛత్రపురం నుంచీ రైలెక్కి వచ్చేవాళ్ళు తిరుగు బండి వేళ చూసుకోకుండా డబ్బు కట్టకండి. వారం మధ్య సాయంత్రాలు నాకు కుదరవని రెండో వారానికే తెలిసింది, ఆదివారం పొద్దుటి క్లాసుల కోసమే వెతికాను. తప్పిపోయిన క్లాసుకు బదులు ఇస్తారా అని ముందే అడగండి. ప్రాక్టికల్ పరీక్షల నెలలో నేను మాయమైపోతాను, మీకు మార్చి నెలాఖరు ఉండవచ్చు. రజో పండుగ మూడు రోజులూ ఎవరూ నేర్పరు. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర రోజుల్లో పాత ఊరి వీధుల్లోకి ఆటో కూడా రాదు.

ఇప్పుడు అసలు విషయం. క్లాసు చూడటానికి మొదలయ్యే వేళకు వెళ్ళకండి. ముగిసే వేళకు వెళ్ళండి. మొదలయ్యే వేళకు ఏ వంటగదైనా పెళ్ళికూతురిలా ఉంటుంది. ల్యాబులో మాకు తెలిసిన చిట్కా ఇది: ప్రాక్టికల్ ఎలా జరిగిందో తెలియాలంటే, అయిపోయాక బల్ల చూడాలి. సింకులో గిన్నెలు ఎన్ని ఉన్నాయి? పధ్నాలుగు మంది నేర్చుకున్నారని చెప్పి సింకులో రెండే గిన్నెలుంటే, వండింది ఒక్కరే, మిగతావాళ్ళు చూశారు. తుడిచే గుడ్డ వాసన చూడండి, సిగ్గుపడకండి. పచ్చి చేప కోసిన పలకమీదే కొత్తిమీర కోస్తున్నారేమో గమనించండి. బయటికి వస్తున్నవాళ్ళ చేతుల్లో డబ్బాలున్నాయా? అందరి డబ్బాల్లోనూ ఒకేలా నున్నగా ఉన్న కేకు ముక్కలుంటే అది టీచరు చేసినది. ఒకటి మాడి, ఒకటి వంకరపోయి ఉంటే అక్కడ చేతులు పనిచేశాయి. నేను చూసిన రెండో చోట గోడమీద అద్దాలు, రంగు దీపాలు, బల్లమీద అలంకరించిన మూడంతస్తుల కేకు ఉన్నాయి. దగ్గరికి వెళితే ఆ కేకు థర్మోకోల్.

పొయ్యికి ఎంతమంది అని అడగండి. మా ల్యాబులో ఒక బర్నరుకు ఇద్దరికి మించితే మూడోవాడు కబుర్లు చెబుతాడు. వంటలోనూ అంతే.

పొయ్యి దగ్గరే ఉన్నాం కాబట్టి గ్యాసు మాట. వ్యాపారానికి వాడాల్సింది 19 కిలోల సిలిండరు. ఫీజు తీసుకుని నడిపే పెద్ద క్లాసులో ఇంటికిచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండర్లు వరసగా కనిపిస్తే, అక్కడ ఇంకా ఏమేమి సర్దుకుపోతున్నారో అని అనుమానం రావాలి. రబ్బరు గొట్టం వంచి చూస్తే పగుళ్ళు కనిపిస్తాయి. మంటలార్పే సిలిండరు ఉందా, దాని ముల్లు పచ్చ గీతలో ఉందా చూడండి. మూకుడులో నూనె అంటుకుంటే ఏం చేయాలో మొదటి క్లాసులోనే చెప్పే టీచరు దొరికితే వదలకండి: స్టవ్ కట్టేసి మూత బోర్లించాలి, నీళ్ళు మాత్రం పోయకూడదు.

ఇక ప్రతిచోటా నేను అడిగిన ప్రశ్న ఒకటుంది: "వంట పాడైతే ఏం చేస్తారు?"

మొదటి చోట, "మా దగ్గర పాడవదు మేడమ్" అన్నారు. అద్దాల గదిలో, "మేమే సరిచేసి ఇస్తాం" అన్నారు. మూడో చోట ప్రశ్న అర్థం కాలేదు. నాలుగోది పాత ఊళ్ళో ఒక ఇంటి వెనక వసారా. అరవై దాటిన ఒక ఒడియా ఆవిడ, అందరూ మావుసీ (పిన్ని) అని పిలుస్తారు. ఆవిడ కొంగుతో చేయి తుడుచుకుంటూ, "తింటాం" అన్నారు.

ఒక క్లాసుకు డబ్బిచ్చి కూర్చున్నాను. ఆ రోజు బేసర. మావుసీ గుప్పెడు ఆవాలు నా పక్కనున్న బ్యాంకు అమ్మాయి చేతిలో పోసి రుబ్బమన్నారు, అంతే. ఆ అమ్మాయి పొడి ఆవాలే మిక్సీలో వేసి, మెత్తగా రావాలని నాలుగైదు నిమిషాలు వదలకుండా తిప్పింది. మధ్యలో నీళ్ళు పోసి మళ్ళీ తిప్పింది. జారు పట్టుకుంటే వేడిగా ఉంది. మావుసీ చూస్తూనే ఉన్నారు, నోరు మెదపలేదు. ఆ ముద్దతోనే గుమ్మడికాయ కూర చేయించి, మూతపెట్టి తెగ ఉడకనిచ్చారు. తలా ఒక చెంచా పెట్టారు. చేదు నాలుక చివరి దాకా పాకింది. బ్యాంకు అమ్మాయి మొహం ఎర్రబడింది, మావుసీ మాత్రం తన చెంచా పూర్తిగా నాకేశారు.

అప్పుడు బల్ల కింద నుంచి ఇంకో గిన్నె తీశారు. పొద్దున్నే నానబెట్టిన ఆవాలు. వాటికి నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు చేర్చి మళ్ళీ ఆ అమ్మాయికే ఇచ్చారు. ఈసారి మిక్సీ తిప్పి ఆపడం, తిప్పి ఆపడం. ముక్కలు ఉడికిపోయాక చివర్లో ముద్ద కలిపి, రెండు ఉడుకులు రాగానే దించేయించారు. అదే గుమ్మడి, అదే అమ్మాయి. ఘాటు ముక్కులోకి కొట్టింది, చేదు జాడ లేదు. ఆవగింజ పగిలి, నీళ్ళు తగిలితేనే లోపలి ఎంజైము పనిచేసి ఘాటు పుడుతుందని పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పినదాన్నే. ఎక్కడ ఆపాలో ఆ రోజు మొదటిసారి తెలిసింది.

గుమ్మడికాయ ముక్క ఒకటి వృథా అయింది, పది రూపాయలు కూడా ఉండదు. ఆ పది రూపాయలు వృథా చేయడానికి ఒప్పుకునే చోటు కోసమే మీరు వెతకాలి. ఫోనులో వీడియో చూస్తే వంట ఎలా చేయాలో ఉచితంగానే తెలుస్తుంది. నా వంట ఎందుకు చెడిందో వీడియో చెప్పలేదు. దానికే కదా ఫీజు.

రాసి ఇచ్చే కాగితాలు ఒకసారి చూడండి. కేకులు, బ్రెడ్ నేర్చుకునేవాళ్ళకు ఇది ముఖ్యం. ‘రెండు కప్పుల మైదా’ అని మాత్రమే ఉంటే జాగ్రత్త. ఒకే కప్పును చెంచాతో వదులుగా నింపితే 120 గ్రాములు, సంచిలో ముంచి తీస్తే 150 దాకా వస్తుంది. ల్యాబు త్రాసు మీద తూచి మరీ చెబుతున్నాను (ఈ మాట మా ప్రిన్సిపాలుకు చేరకపోతే మంచిది). ఓవెన్ బిళ్ళ మీద 180 అని ఉన్నంత మాత్రాన లోపల 180 డిగ్రీలు ఉండదు. ఓవెన్‌లో పెట్టుకునే చిన్న థర్మామీటరు టీచరు దగ్గర ఉందేమో అడగండి. మావుసీ దగ్గర త్రాసూ లేదు, థర్మామీటరూ లేదు. ఛెనా పోడకు ఛెనాను అరచేతి మడమతో మెదిపి, చేయి జిడ్డుగా అయ్యాక ఆపమంటారు. అందుకే ఆవిడ దగ్గర బ్రెడ్ నేర్చుకోవడం లేదు. ఒకే చోట మూడు వంటలూ తీరవు, నా కాగితం మీద బ్రెడ్ ఇంకా అలాగే ఉంది.

డబ్బు విషయంలో, మొదట ఒక్క క్లాసుకే కడతానని చెప్పండి. ఒప్పుకోనిచోట చేరవద్దు. సరుకులు ఫీజులో కలిసి ఉన్నాయా, జీఎస్టీ విడిగా వేస్తారా అని అడగండి. 18 శాతమంటే ఆరు వేల మీద వెయ్యీ ఎనభై. ఫోనులో పంపినా సరే, రసీదు తీసుకోండి. సర్టిఫికెట్ ఊసెత్తితే ఫీజు ఎంత తగ్గిస్తారో అడగండి. మనకు దానితో పని లేదు, మా ఫ్రిజ్ మీద ఒకటి ఉంది.

భాష గురించి భయం అక్కర్లేదు. ఈ ఊళ్ళో తెలుగు, ఒడియా ఒకే వాక్యంలో పడతాయి, అయినా ఒక్కోసారి బోల్తా పడతాం. రెండో వారం మావుసీ కత్తి నా చేతికిచ్చి, "సారు కాటొ" అన్నారు. మా బ్యాచిలో ఒకే ఒక్క మగాయన, రిటైరయిన హెడ్మాస్టరు, నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. ఒడియాలో సారు అంటే చేమదుంప. ఇచ్ఛాపురం నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి పదినిమిషాలు నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన మాత్రం కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

వెళ్ళేటప్పుడు మీ కత్తి, ఒక పాత తువ్వాలు, రెండు డబ్బాలు తీసుకెళ్ళండి. ఒక డబ్బా బాగా వచ్చినదానికి, రెండోది చెడినదానికి. చెడినదాన్ని ఇంటికి తెచ్చి మర్నాడు చల్లగా తిని చూస్తే తప్పు ఇంకాస్త స్పష్టంగా తెలుస్తుంది. మావారు రెండో డబ్బా ముట్టరు. ప్రథమాష్టమి పండుగకు ఎండురి పిఠా (పసుపు ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే పిండివంట) ఉందట, ఎవరి పసుపు ఆకులు వాళ్ళే తెచ్చుకోవాలని మావుసీ ఇప్పటికే చెప్పేశారు. మా పెరట్లో రెండు మొక్కలున్నాయి, ఆకులు ఇంకా వెడల్పు కావాలి.