టీచర్ ‘రాంగ్ క్రౌడ్’ అంటే, స్నేహితుడు ‘వాగన్’ అంటే

పిల్లల్ని కొత్తగా అమెరికా బడిలో చేర్చిన తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవలసిన మాట ‘ఫాలెన్ ఇన్ విత్ ద రాంగ్ క్రౌడ్’. పిల్లాడు చెడు సావాసం పట్టాడని అర్థం. టీచర్ ఆ మాట అందంటే ఏదో గమనించే ఉంటుంది. ఇంటికొచ్చి పిల్లాడి మీద అరవకండి. ఏం చూశారు, ఎప్పటి నుంచి అని టీచర్‌నే అడగండి, ఏమీ అనుకోరు. స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడాలని ఉందని కూడా చెప్పవచ్చు.

‘గోయింగ్ ఆఫ్ ద రెయిల్స్’ ఇంకా బరువైనది. మనం గాడి తప్పాడంటామే, అదే. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఇది తరచూ వినిపిస్తుంది. ‘లెడ్ ఆస్ట్రే’ అంటే వేరెవరో దారి తప్పించారని. తప్పులో కొంత అవతలివాళ్ల మీదికి పోతుంది.

ఆఫీసులో మాత్రం కంగారు పడకండి. మీరు తెచ్చిన మైసూర్‌పాక్ రెండోది తీసుకుంటూ తోటి ఉద్యోగి ‘యూ ఆర్ ఎ బ్యాడ్ ఇన్‌ఫ్లుయెన్స్’, అంటే నన్ను చెడగొడుతున్నావు, అంటే అది ముద్దు మాట. ‘పార్ట్‌నర్ ఇన్ క్రైమ్’ కూడా అంతే, జతగాడని.

వీటన్నిటిలో నాకు ముఖ్యమనిపించేది ‘ఆన్ ద వాగన్’. మద్యం మానాలనే ఉద్యమం అమెరికాలో బలంగా ఉన్న కాలంలో, వీధుల్లో దుమ్ము అణచడానికి నీళ్ల బండ్లు తిరిగేవి. మందు మానేసినవాడు ఆ నీళ్ల బండి ఎక్కినట్టు. ‘ఫెల్ ఆఫ్ ద వాగన్’ అంటే మళ్లీ మొదలుపెట్టాడని. మీ ఇంటికి భోజనానికి వచ్చినవాళ్లు ‘ఐయామ్ ఆన్ ద వాగన్’ అంటే, దయచేసి, ‘ఒక్క పెగ్గేగా’ అని మర్యాదకు కూడా బలవంతపెట్టకండి. ఆ ఒక్కటి మానడానికి వాళ్లు ఎంత కష్టపడ్డారో మనకు తెలియదు. మజ్జిగో నిమ్మరసమో ఇవ్వండి. తీపి మానేసి మళ్లీ తిన్నవాళ్లు కూడా సరదాగా ఇదే మాట వాడతారు. ముఖం చూస్తే తేడా తెలుస్తుంది.

వార్తల్లో ‘ఎ ఫ్యూ బ్యాడ్ ఆపిల్స్’ అంటే నలుగురు చెడ్డవాళ్లున్నా మిగతావాళ్లు మంచివాళ్లేనని. పాత సామెత దీనికి పూర్తిగా ఎదురు, ఒక్క కుళ్లిన పండు బుట్టంతా పాడుచేస్తుందని.

మరొకరి పిల్లాడి గురించి బడికి ఈమెయిల్ రాయాల్సి వస్తే మాత్రం మీరు వీటిలో ఏదీ వాడకండి. ఫలానా రోజు, ఫలానా చోట ఏం జరిగిందో మామూలు మాటల్లో రాయండి. బడివాళ్లు అప్పుడు దాని మీద ఏదైనా చేయగలుగుతారు, ఆ పిల్లాడి మీదా ముద్ర పడదు.