డాలస్‌లో ఇల్లు వెతికేవాళ్లు స్కూలును ఎలా చూడాలి

డాలస్‌లో ఉద్యోగం ఖాయం కాగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఏ ఏరియాలో స్కూళ్లు బాగుంటాయని. వాట్సాప్ గ్రూపులో పది నిమిషాల్లో జవాబులు వచ్చేస్తాయి. ఫ్రిస్కో, కాపెల్, ప్లేనో. వాటితోపాటే "డాలస్ ఐఎస్‌డీ వైపు అసలు చూడొద్దు", "ఇర్వింగ్‌లో అయితే జాగ్రత్త" అన్న హెచ్చరికలు. ఐఎస్‌డీ అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్కూలు జిల్లా. చెప్పేవాళ్లు మన మేలు కోరే చెప్తారు. అయితే వద్దన్న ఆ స్కూళ్ల లోపలికి వాళ్లలో చాలామంది ఎప్పుడూ అడుగుపెట్టి ఉండరు. వాళ్లు చూసింది ఒక అంకె, అంతే.

ఇళ్ల సైట్లలో ప్రతి ఇంటి కిందా కనిపించే పదికి ఇంత అన్న రేటింగు గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఇచ్చేది. ప్రభుత్వానిది కాదు. పిల్లల ప్రగతిని కూడా అందులో కలుపుతున్నారు గానీ పరీక్షల మార్కుల బరువు ఇంకా చాలానే ఉంది. మార్కులేమో తల్లిదండ్రుల చదువుతో, సంపాదనతో గట్టిగా ముడిపడి ఉంటాయి. అమ్మా నాన్నా ఇద్దరూ ఇంజినీర్లయిన ఇళ్ల పిల్లలు ఒకచోట చేరితే ఆ స్కూలుకి తొమ్మిదో పదో రావడంలో వింతేముంది? ఇంట్లో నేర్చుకున్నదెంత, బడిలో నేర్పిందెంత అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు.

అది కొంతైనా తెలియాలంటే టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ వాళ్ల 'టీఎక్స్ స్కూల్స్' సైట్‌కి వెళ్లండి. ప్రతి స్కూలుకీ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడు ఉంటుంది. పైన కనిపించే గ్రేడు దగ్గర ఆగిపోకుండా కింద మూడు భాగాలుగా విడదీసి ఇచ్చింది చూడండి. స్టూడెంట్ అచీవ్‌మెంట్ అంటే ప్రధానంగా మార్కులు. స్కూల్ ప్రోగ్రెస్ అంటే అదే పిల్లలు నిరుటికంటే ఎంత ముందుకెళ్లారు, అంతే పేదరికం ఉన్న మిగతా స్కూళ్లతో పోలిస్తే ఈ స్కూలు ఎలా చేసింది అన్నది. మూడోది క్లోజింగ్ ద గ్యాప్స్, అంటే వేర్వేరు వర్గాల పిల్లల మధ్య తేడాలు ఎంత తగ్గాయి అన్నది. మొత్తం గ్రేడులో 70 శాతం మొదటి రెండింటిలో ఏది ఎక్కువైతే దానినుంచే తీసుకుంటారు. అందుకే రెండు స్కూళ్లకు ఒకే 'బి' ఉన్నా ఒకదానికి పిల్లలతో పాటు వచ్చిన మార్కుల వల్ల, ఇంకోదానికి టీచర్ల కష్టం వల్ల వచ్చి ఉండొచ్చు. నేనైతే ప్రోగ్రెస్ ఎక్కువున్న స్కూలుకే ఓటేస్తాను. గ్రేడు ఏ సంవత్సరానిదో కూడా గమనించండి. కోర్టు కేసుల వల్ల 2023, 2024 గ్రేడులు 2025 దాకా బయటికి రాలేదు.

ఇక "అక్కడ క్రౌడ్ బాగుండదు" అన్న మాట వింటారు. డాలస్, ఇర్వింగ్ స్కూళ్లలో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడే ఇళ్ల నుంచి, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు. వాళ్ల అమ్మానాన్నలు ఇళ్లు కడతారు, హోటళ్లలో వండుతారు, రాత్రి షిఫ్టులు చేస్తారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివి ఇంతదూరం వచ్చినవాళ్లు మనలో ఎంతమంది లేరు! ఆ పిల్లల పక్కన కూర్చుంటే మన పిల్లలు చెడిపోతారన్న మాట మన నోట రాకూడదు. టీచర్లు నిలవకపోవడం, ఏడాదిలో సగంకాలం సబ్‌స్టిట్యూట్లతో, అంటే తాత్కాలిక టీచర్లతో నడపడం లాంటివైతే నిజంగా భయపడాల్సినవి. ఈ కష్టం పేద స్కూళ్లలో ఎక్కువ ఉండే మాట నిజమే, కాబట్టి సూటిగా ఆ స్కూలునే అడిగి తెలుసుకోండి.

డాలస్ ఐఎస్‌డీని జాబితాలోంచి కొట్టేసేవాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. ఓక్ క్లిఫ్‌లోని టౌన్‌వ్యూ సెంటర్‌లో ఉన్న టాలెంటెడ్ అండ్ గిఫ్టెడ్ హైస్కూలు ఆ జిల్లాదే. దేశంలో మేటి హైస్కూళ్ల ర్యాంకుల్లో అది ఏళ్ల తరబడి ముందు వరసలో ఉంటోంది. ఇలా ప్రత్యేక చదువుల కోసం జిల్లా అంతటి నుంచీ పిల్లల్ని తీసుకునే మాగ్నెట్ స్కూళ్లకు విడిగా దరఖాస్తు చేయాలి, అదీ తర్వాతి విద్యాసంవత్సరానికి చాలా నెలల ముందే. ఆగస్టులో దిగేవాళ్లకు ఆ ఏడాదికి కుదరకపోవచ్చు.

హైస్కూలు పిల్లలున్నవాళ్లు ర్యాంకు సంగతి తప్పక ఆలోచించాలి. టెక్సస్‌లో 1997లో వచ్చిన చట్టం ప్రకారం తరగతిలో మొదటి 10 శాతంలో ఉన్నవాళ్లకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు. యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి) మాత్రం ఆ గీత ఇంకా పైన ఉంది. మొన్నటిదాకా 6 శాతం, 2026లో చేరేవాళ్లకు 5 శాతం. లెక్క ఏ స్కూలుకి ఆ స్కూలుదే. అందరూ పోటీపడే సబర్బన్ స్కూల్లో తొంభై ఎనిమిది తెచ్చుకున్న పిల్లాడు కూడా ఆ గీత కింద ఉండిపోవచ్చు. సీటు వచ్చినా కోరిన కోర్సు, ముఖ్యంగా కంప్యూటర్ సైన్స్, దానంతటది రాదు.

లీజు మీద సంతకం పెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఊరి పేరు, స్కూలు జిల్లా పేరు ఒకటే అనుకోకండి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఇర్వింగ్‌లోనే ఒక అపార్ట్‌మెంట్ ఇర్వింగ్ ఐఎస్‌డీలో, ఇంకోటి కాపెల్ ఐఎస్‌డీలో, మరోటి కారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీలో పడుతుంది. ఫ్రిస్కో ఊళ్లో ఉంటూ ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ జిల్లాల్లోకి వచ్చే ఇళ్లున్నాయి. లీజింగ్ ఆఫీసులో చెప్పే మాట నమ్మి ఊరుకోకుండా డోర్ నంబరుతో సహా అడ్రసును జిల్లా సైట్‌లో కొట్టి చూడండి. అలా చూసింది కూడా శాశ్వతం కాదు. పిల్లలు తగ్గారని ప్లేనో ఐఎస్‌డీ 2025లో 4 స్కూళ్లు మూసేసింది. అందుకే మొదటి ఏడాది అద్దెకుండి, ఊరు అర్థమయ్యాక కొనుక్కోమంటాను. ఒకే కారున్న ఇంటివాళ్లు బస్సు సంగతీ కనుక్కోవాలి. స్కూలుకి 2 మైళ్ల లోపుంటే చాలాచోట్ల బస్సు రాదు.

స్కూలుకి ఫోన్ చేసి, చూడటానికి రావచ్చా అని అడగండి. చాలామంది ప్రిన్సిపాళ్లు సంతోషంగా రమ్మంటారు. అక్కడ గోడల మీద పిల్లలు సొంతంగా రాసిన కాగితాలున్నాయా, అచ్చేసిన పోస్టర్లేనా అని చూడండి. ప్రిన్సిపాల్ ఎన్నేళ్లుగా ఉన్నారు, నిరుడు ఎంతమంది టీచర్లు మానేశారు, జనవరిలో వేరే దేశం నుంచి వచ్చి చేరిన పిల్లకి మొదటి వారం ఎవరు తోడుంటారు? నా మట్టుకు ఈ మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ఒక టీచరు పేరో, తోడుగా కూర్చోబెట్టే విద్యార్థి సంగతో వెంటనే చెప్పగలిగితే ఆ స్కూల్లో కొత్త పిల్లలు తప్పిపోరు. సాయంత్రం బడి వదిలే వేళకు ఒకసారి వెళ్లి నిలబడినా చాలా తెలుస్తుంది.

చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అనే కాగితం ఇస్తారు. ఇంట్లో ఎక్కువగా ఏ భాష, పిల్లలు ఎక్కువగా ఏ భాష అని అడుగుతుంది. ఈఎస్ఎల్‌లో, అంటే ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్పే క్లాసులో పడేస్తారేమోనని భయపడి మనవాళ్లు ఇంగ్లిష్ అని రాసేస్తారు. ఇంట్లో తెలుగైతే తెలుగనే రాయండి. పిల్లలకు ఇంగ్లిష్ పరీక్ష పెట్టి, అవసరమైతేనే అదనపు సాయం చేస్తారు. వద్దనుకుంటే ఆ క్లాసులు నిరాకరించే హక్కు మీకుంది. ఇంకో మేలు కూడా ఉంది. సెప్టెంబరు 1కి 4 ఏళ్లు నిండి, ఇంగ్లిష్ రాని పిల్లలకు ప్రభుత్వ స్కూల్లో ప్రీ-కె (కిండర్‌గార్టెన్‌కి ముందు తరగతి) ఉచితం. బయట డేకేర్‌కి నెలకు వెయ్యి డాలర్లు పైమాటే.

కాగితాల్లో లీజు, కరెంటు బిల్లు, జనన ధ్రువపత్రం, పాత మార్కుల జాబితాలు కావాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని ఎవరూ వెనక్కి పంపకూడదు. వీసా ఏదైనా, అసలు లేకపోయినా పిల్లలకు బడి మూయకూడదని 1982లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు టెక్సస్‌లోని టైలర్ ఊరిదే. మనవాళ్ల పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది టీకాల దగ్గర. ఆటలమ్మ టీకా, హెపటైటిస్ ఎ రెండు డోసులు ఇక్కడ తప్పనిసరి. ఇండియా కార్డుల్లో తరచూ లేనివి ఇవే. బయలుదేరే ముందే వేయించుకుని, తేదీలతో డాక్టరు సంతకం, ముద్ర వేయించి తెచ్చుకోండి. రెండు డోసుల మధ్య నెలలు ఆగాలి కాబట్టి టికెట్లు కొన్న రోజే మొదలుపెట్టండి.